కాలికి క్లచ్ తెలియాలి

మార్చి 4
మూడు కిలోల ఆరు వందలు. రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో చేరిన నీరు. రెండు కిలోలు దాటకూడదు. సిస్టర్ వెయింగ్ మెషిన్ వంక చూసి, అక్కా, చెరువేమైనా మింగావా అంది. నోరు కట్టుకుని ఏం సాధించాలి అన్నాను. తను సూది గుచ్చింది.

మార్చి 9
పక్క బెడ్‌కి కొత్త పేషెంట్. డ్రైవింగ్ స్కూల్ మాస్టారు. అరవై దాటాయి, గుండె కూడా వీక్. నాలుగు గంటలూ నోరు మూయలేదు. నేను జాకెట్లు కుడతానని విని, కుట్టుమిషన్ తొక్కే కాలికి కారు ఒక లెక్కా అమ్మా, నేర్పుతాను రా అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

మార్చి 15, ఉదయం 7
నిజంగానే కారు తెచ్చారు. స్కూల్ గ్రౌండ్‌లో మూడుసార్లు ఆగిపోయింది. నా పాదాలు చెప్పుల్లో పట్టనంత వాచి ఉన్నాయి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలియలేదు. కాళ్ళలో నీళ్ళుంటే బండి మాట వినదు, తగ్గించుకుని రా అన్నారు. అంతే.
ఇంటికొచ్చాక మా అక్క, ఉన్న రోగం చాలక కొత్త పిచ్చి కూడానా అంది.

మార్చి 17
దాహం. రోజంతటికీ కొలిచి పెట్టుకున్న నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి.

ఏప్రిల్ 13
ఈసారి కిలో తొమ్మిది వందలే. నమ్మకం కుదరక సిస్టర్ నన్ను మళ్ళీ మెషిన్ ఎక్కించింది. నిన్న థర్డ్ గేర్ దాకా వెళ్ళాను. మాస్టారి కాలు తన వైపు బ్రేక్ మీదికి ఒక్కసారే పోయింది.

మే 20
డాక్టర్ బీపీ మాత్రల్లో ఒకటి ఆపేశారు. ఆశ పుట్టి క్రియాటినిన్ అడిగాను. అది ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పోయిన కిడ్నీలు తిరిగి రావు, తెలుసు. కానీ ఇవాళ రెండంతస్తులు ఆగకుండా ఎక్కాను.

జూన్ 3
మాస్టారి బెడ్ ఖాళీ.

జూన్ 5
నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మనందరికంటే ఆయనకే ఆశ ఎక్కువ కదా, అదేం చేసింది అని సిస్టర్‌ని గట్టిగానే అడిగాను. ఆయన ఒక్క రోజు కూడా డయాలసిస్ మానలేదక్కా అంది.
ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగాను.

జూన్ 12
మాస్టారి కూతురు ఫోన్ చేసింది. ఆంటీ, మీ టెస్ట్ తేదీ నాన్నే బుక్ చేసి పెట్టారు, కారు నేను తెస్తాను అంది. రానని చెప్పడానికి నోరు తెరిచి, ఎన్నింటికి రావాలి అన్నాను.

జూన్ 18
పాసయ్యాను. రివర్స్‌లో ఒక కోన్ ఊగింది, పడలేదు.

జూలై 2
లైసెన్స్ వచ్చింది. చెల్లుబాటు పదేళ్ళు అని ఉంది. అక్కా నేనూ ఆ తేదీ వంక చాలాసేపు చూశాం. రిన్యువల్‌కి వెళ్ళేటప్పుడు నన్ను కూడా ఎక్కించుకో అంది.