నాన్న పేరున్న ట్రాక్టరు

డెల్ఫా అక్కకు, అయోవా జాతర నుంచి.

సకల జనులకూ తెలియజేయడమేమనగా, నా ఎడమ బూటు మడమ ఊడినది. ఇక అసలు సంగతి. లాగుడు పోటీకి నాన్న పాత ట్రాక్టరునే ఎంచుకుని, ఇంజను విప్పి బిగించి, దానిమీద ఆయన పేరు మళ్లీ రాయించాను కదా. లాగాల్సిన బరువుబండిని తగిలించే కొక్కెం ఎత్తయితే చక్రాలకు పట్టు ఎక్కువ, అందుకే దాని ఎత్తుకు పోటీలో హద్దు ఉంది. ఆ హద్దులోనే ఉన్నట్టు కనిపించాలని కొలతప్పుడు వెనక టైర్లలో గాలి తగ్గించి, తర్వాత నింపాను. కొలతలు చూసే ముసలి ఎల్డన్ అనుమానమొచ్చి మళ్లీ కొలిచాడు. "ఒరేయ్ ఓరిన్, మీ నాన్న బండికి నీ బుద్ధులు నేర్పావట్రా?" అన్నాడు. మైకులో నాన్న పేరు చదివి మరీ పోటీనుంచి తప్పించారు. జనం పగలబడి నవ్వారు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఊరివాళ్లకంటే ముందు నాన్నకు నువ్వే చెప్పు. పిల్లలకు దీవెనలు.

జనం నవ్వారన్నది నా కల్పన అక్కా. ఆ పేరు విని ఒక్కరూ నవ్వలేదు. అందరూ తలలు దించుకున్నారు.

ఓరిన్