ఏ డ్రైవ్ లాగాలి?

బాబాయికి,

మూడుసార్లు ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం ఆసుపత్రి డ్రైవర్‌కిచ్చి పంపుతున్నాను.

మీరిక్కడ ఉన్నప్పుడు అమర్చిన పెద్ద సర్వర్‌లో పొద్దున సమాచారం దాచే డ్రైవ్‌లలో ఒకటి పాడైంది. ఆపరేషన్ గదుల కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి మెషీన్ ఆపకుండానే మార్చాలి. మీరు అందుకు వీలుగానే పెట్టారు. కానీ తెర మీది డ్రైవ్ నంబర్లకూ, అవి ఉండే పెట్టె అరలకూ పొంతన లేదు. నాలుగు అని చూపిస్తే నాలుగో అర లాగాను. ఆపరేషన్ గదుల్లో స్కాన్లన్నీ మాయమయ్యాయి. వెంటనే మళ్లీ తోశాను, తిరిగొచ్చాయి. ఇంకోసారి తప్పు అర లాగితే రావు. ఇప్పుడు ఇంకో డ్రైవ్ కూడా మొరాయిస్తోంది, సాయంత్రం దాకా ఆగదు; అదీ పోతే అంతా పోయినట్టే.

లోపల పసిపాపకు గుండె ఆపరేషన్ జరుగుతోంది. "తెర పోతే నేను గుడ్డివాణ్ణేనమ్మా" అన్నారు సర్జన్.

అరల వరుస రాసిన కాగితం మీరు ఇవ్వబోతే, "అన్నీ తెర మీదే ఉంటాయి, నాకెందుకు" అన్నాను. "ఆయనకి వయసైపోయింది" అని మేనేజర్ చెవిన వేసి, మిమ్మల్ని పనిలోంచి తీయించిందీ నేనే. వేరెవరో అని మీరు ఇన్నాళ్లూ అనుకున్నారు.

నన్ను క్షమించకండి బాబాయ్. ఆ నాలుగో డ్రైవ్ ఉన్న అర నంబర్ ఒక్కటి ఈ ఉత్తరం వెనక రాసివ్వండి.

మీ అన్నగారి అమ్మాయి