కాయిలు సందులో పెళ్లి కార్డు

ఏమయ్యా, ధర్మవరంలో అక్క ఇంటికి పోతాండా. సాంబారు కుక్కర్‌లో ఉండాది. పక్క గిన్నెలో ఉండేది నీ ఇంజనాయిలు, అన్నంలో పోసుకోవద్దు.

మీ నాయన బుల్లెట్టు బండి మళ్లీ బిగిస్తాండావు, సంతోషం. ఇంజన్లో తిరిగే మాగ్నెట్టు కాయిలుకు తగలకుండా చుట్టూ ఒకే సందు ఉండల్లని, పెట్టి చూసేదానికి అట్ట కావల్లంటివి. బీరువా నిండా ఊరందరి పెళ్లి కార్డులూ ఉంటే, కత్తిరించేదానికి నీకు మనదే దొరికిందా? మందం సరిగ్గా సరిపోయిందంట! మన పెళ్లిలో అదొక్కటన్నా సరిపోయింది.

సాయంత్రం ఆ బండి మీదే వచ్చి నన్ను పిల్చుకొని పో. రాకపోతే హిందూపురంలో మా పుట్టింటికి బస్సులుండాయి.

తనూజ

నీ పేరుండే ముక్క బల్ల మీద భద్రంగా ఉండాది. నా పేరుండే ముక్క ఇంకా ఆ సందులోనే ఇరుక్కోనుండాది. కిక్కు కొట్టకముందే, చినగకుండా బయటికి తియ్యి.