పన్నెండో తేదీ గడి

హిందూపురం,
ఆగస్టు 8

ప్రియమైన అమ్మకు,

కౌసర్ సలాములు. చాంద్‌బీ చిన్నమ్మ కాలు విరిగిందని నువ్వు ధర్మవరం పోయి నాలుగు రోజులే. ఇల్లు నడవాలని అలారాలున్న నీ ఫోన్ మాకు వదిలిపోయావు కదా, అది రోజుకు పదకొండు సార్లు నా ప్రాణం తీస్తోంది. అవ్వ షుగర్ మాత్ర, నాయన పట్టుగూళ్ల మార్కెట్, నీళ్ల మోటారు. నిన్న ఒకటి మరిచేసరికి తమ్ముడు రఫీక్‌కు కాలేజీ బస్సు తప్పింది. "మీ అమ్మ ఉంటే ఇట్లయ్యేదా?" అని అవ్వ ఒకటే సాధింపు.

పన్నెండో తేదీకి 'పెనుకొండ' అని ఒక అలారం ఉంది. ఎవరి పని అది? చిన్నమ్మ ఇంట్లో మగ్గాల చప్పుడుకు ఫోన్లో ఒక్క మాటా వినపడదు. అందుకే, పట్టు నూలు తీసుకుని అక్కడికొస్తున్న ముబారక్ మామ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నీ బిడ్డ
కౌసర్

ధర్మవరం,
ఆగస్టు 9

బంగారు కౌసర్‌కు,

నాలుగు రోజులకే నోరెండిపోయిందా? నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను తల్లీ. ఒకే రోజుకు రెండు పనులు పడితే వంటింటి క్యాలెండర్ దగ్గరకు పో. ఆగే పని మీద వైట్నర్ పూసి, ఆగని పని రాయి. మన ఇంటి పద్ధతి అంతే కదా.

పెనుకొండ అలారం తీసేయి. అది ఆగే పనే.

మీ అమ్మ
దిల్షాద్

హిందూపురం,
ఆగస్టు 11

అమ్మా,

అలారం తీయలేదు. క్యాలెండర్ చూశాను. మే, జూన్, జూలై, మూడు నెలల్లోనూ పన్నెండో తేదీ గడిలో వైట్నర్ ఉంది. కాగితాన్ని లైటుకు అడ్డం పెడితే అడుగున నీ రాత కనిపించింది. 'నాకు పెనుకొండ ఆసుపత్రి.'

బీరువాలో ఆ ఆసుపత్రి చీటీ దొరికింది. రొమ్ములో గడ్డ, వెంటనే సూది పరీక్ష చేయించాలని ఉంది. డాక్టరు ఏప్రిల్‌లో రాసిన చీటీ అది.

మే నెల వైట్నర్ మీద నాయన మార్కెట్ ఉంది. జూన్ మీద అవ్వ కంటి పరీక్ష. జూలైలో ఉన్నది నా రాత అమ్మా. 'కౌసర్, లేపాక్షి.' క్లాసు వాళ్లతో పోతానంటే "పో, అవ్వ దగ్గర నేనుంటాలే, నాదేముండాది" అని వైట్నర్ సీసా మూత తీసి ఇచ్చావు. కింద ఏముందో చదవకుండానే పూసేశాను.

చీటీ చదివి వినిపిస్తే నాయన గూళ్లు ఉడికే పొయ్యి ఆర్పేసి, "నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే" అంటూ చొక్కా తిరగేసి వేసుకున్నాడు. ఈ ఉత్తరం తెస్తున్నది ఆయనే.

కౌసర్

పెనుకొండ,
ఆగస్టు 19

కౌసర్ తల్లీ,

సూది పరీక్ష రిపోర్టు ఇవాళ వచ్చింది. క్యాన్సరే. గురువారం అనంతపురంలో ఆపరేషన్ అన్నారు. వెంటనే నేనేమన్నానో తెలుసా? "గురువారం మా బిడ్డకు పరీక్ష ఉండాది మేడమ్, అవ్వ దగ్గర మనిషి ఉండాల, ఇంకో రోజు పెట్టండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. మీ నాయన ఏడ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు. అప్పుడన్నాను, "గురువారమే కానీయండి మేడమ్" అని.

నీ చేత్తో చెరిపావని కుమిలిపోవద్దు. చెరపమన్నది నేను. గురువారం అవ్వకు పక్కింటి మునెమ్మ తోడుంటుంది, మాట్లాడాను.

'నువ్వు పరీక్ష రాసుకో, నాదేముంది' అని రాసి రెండు కాగితాలు చించేశాను. నాకు భయంగా ఉంది కౌసర్. పరీక్ష వదిలేసి రా.

మీ అమ్మ