బండి ముస్తాబు

నవంబర్ 1, శనివారం. ఉదయం 6:10

డైరీ మొదలు! పెద్ద ప్రయాణాలు చేసినవాళ్లంతా డైరీ రాశారు.

నిర్ణయం: ఈ నెల 23, ఆదివారం, ఉదయం 7:12కి నేనూ మా ఆవిడ హైమవతీ బండి మీద బయలుదేరుతున్నాం. ముందు హంసలదీవి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. అక్కణ్నుంచి వెనక్కి తిరిగి, ఎగువకు పోయి పోయి మహాబలేశ్వరం, కృష్ణ పుట్టే చోటు. ఇద్దరికీ పది రోజుల సెలవు మంజూరైంది.

పెళ్లయిన కొత్తలో ఇచ్చిన మాట ఇది. అప్పుడూ ఇదే బండి. కంచికచర్ల దాకా వెళ్లాం. పంక్చరు. మేం బస్సులో తిరిగొచ్చాం, బండి లారీలో వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లయింది.

హైమ ఒకటే అంది. "పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్లే తాగుతున్నానండీ. అదెక్కడ పుడుతుందో ఒక్కసారి చూడాలి. ఈసారి కూడా మీ బండి కదలకపోతే నేను రైలెక్కి వెళ్లిపోతా, మీరు లేకుండానే." నవ్వుతూనే అంది. కానీ ఆవిడ నవ్వుతూ అన్నవన్నీ ఇప్పటిదాకా చేసి చూపించింది.

ముహూర్తం పెట్టింది కూడా హైమే. ఆదివారం పడమటికి వారశూలట, అటు బయలుదేరకూడదట; మహాబలేశ్వరమేమో పడమర. అయితే మనం ముందు దక్షిణంగా హంసలదీవికి కదులుతాం కనక దోషం లేదని తేల్చింది. బ్యాంకు ఉద్యోగం కదా, రూల్సులో సందు వెతకడం అలవాటు.

బండి బాధ్యత నాది. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్ని. ఇంజన్ పాఠం ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. నాకిదెంత పని!

నవంబర్ 3, సోమవారం. సాయంత్రం 5:30

ఆటోనగర్. మా మెకానిక్కు ఎలీషా బండి చుట్టూ ఒక్కసారి తిరిగాడు. "చైను మార్చాలి సార్. బ్రేకు షూలు, వెనక టైరు, ఇంజనాయిలు. ఈ నాలుగూ చేశామంటే యాడికైనా పోద్ది. ఒక్క పూట పని. ఇప్పుడే ఇచ్చెళ్లండి."

ఒక్క పూటా! ఇంత దూరం పోయే బండికి ఒక్క పూట పనేమిటి? నాకు నామోషీగా అనిపించింది. వచ్చే వారం తెస్తానని చెప్పి, ఇంటికొచ్చి నా జాబితా నేను రాసుకున్నాను.

ఫాగ్ లైట్లు (2). ఫోన్ స్టాండు. చార్జరు. క్రాష్ గార్డు. పక్క పెట్టెలు (2). వెనక పెట్టె (1). దిక్సూచి. డేరా. స్టవ్వు. ఇంకా ఎనిమిది.

చైను రాయడం మర్చిపోయాను. రేపు చేరుస్తాను.

నవంబర్ 9, ఆదివారం

పార్సిళ్లు వచ్చాయి! హాల్లో నడవడానికి చోటు లేదు. అమ్మాయి సంయుక్త కాలేజీకి సెలవని ఇంట్లోనే ఉంది, ఒక్కొక్కటీ విప్పి చూసింది.

"నాన్నా, నది పక్కనే పోతూ దిక్సూచి ఎందుకు?"

"నది కనపడకపోతే?"

"కనపడకపోతే నువ్వు ఇంకో ఊరెళ్లిపోయినట్టు."

ఈ తరానికి సాహసం అంటే తెలియదు.

11:00. వైరింగ్ నేనే మొదలుపెట్టాను. వీడియో చూసి.
1:30. భోజనం. ఎర్ర వైరు ఒకటి మిగిలింది.
4:40. అయిపోయింది! రెండు ఫాగ్ లైట్లూ వెలిగాయి! పార్కింగంతా పెళ్లిపందిరిలా ఉంది. ఎర్ర వైరు జేబులో పెట్టుకున్నాను. ఇక ఎలీషాతో పనేముంది?

నవంబర్ 11, మంగళవారం. ఉదయం 9:20

బ్రేకు నొక్కితే హారన్ మోగుతోంది.

ఈ సంగతి నాకు బెంజ్ సర్కిల్ దగ్గర తెలిసింది. సిగ్నల్ పడింది, బ్రేకు తొక్కాను, మోత. ముందున్న ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. నేనూ వెనక్కి తిరిగి చూశాను, ఎవరిదో అన్నట్టు. బ్రేకు వదిలితే బండి ముందుకు జారుతోంది. తొక్కితే మోత. అలా తొంభై సెకన్లు.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. "ఏంటి సార్, ఎర్రలైటు మీద కోపమా?"

"వైరింగ్ అండీ, చిన్న..."

"ఎవడు చేశాడు సార్? వాణ్ని తిట్టండి."

తప్పకుండా తిడతానన్నాను.

సాయంత్రం 6:00. ఎలీషా వైర్లన్నీ పీకి మళ్లీ వేశాడు. "మీరు బోర్డు మీద గీసేదీ ఇదే సార్. కాకపోతే బోర్డు మీద షార్టవ్వదు." చైను సంగతి మళ్లీ అడిగాడు. పెట్టెలు బిగించాక ఒకేసారి చేద్దామన్నాను. పని ఒక వరసలో జరగాలి కదా!

నవంబర్ 16, ఆదివారం

పెట్టెలు బిగించాం! అటొకటి, ఇటొకటి, వెనకొకటి. నా బండేనా అనిపించింది. ఫోటో గ్రూపులో పెట్టాను. నలభై మూడు మంది శభాష్ అన్నారు.

5:00. ట్రయల్‌కి హైమను కిందకి పిలిచాను. ప్రయాణం కోసమని కొనుక్కున్న చుడీదార్, కొత్త బూట్లు వేసుకుని వచ్చింది. జడ చున్నీలోకి దోపుకుంది. ముఖం కళకళలాడుతోంది. బండిని ఈ పక్క నుంచి చూసింది, ఆ పక్క నుంచి చూసింది.

"నేనెక్కడ కూర్చోవాలండీ?"

వెనక పెట్టెకీ నా వీపుకీ మధ్య జానెడు చోటుంది. కాలు వేద్దామంటే పక్క పెట్టెలు వేయనివ్వవు. అయినా పాపం రెండుసార్లు ప్రయత్నించింది. రెండోసారి బూటు పెట్టె గొళ్లేనికి తట్టుకుంది.

"పర్లేదు లెండి," అని పైకి వెళ్లిపోయింది. లిఫ్టు ఉన్నా మెట్లెక్కి వెళ్లింది.

బరువుల లెక్క కాగితం తీసి చూశాను. ఏది ఎక్కడ ఉండాలో స్కేలు పెట్టి గీసుకున్న బొమ్మ. డేరా ఉంది. స్టవ్వు ఉంది. రెండు ట్యూబులు, గాలి పంపు, దిక్సూచి ఉన్నాయి. హైమ లేదు. ఆమె కోసమే వెళ్తున్న ప్రయాణంలో ఆమెకి చోటు గీయలేదు. నిజంగా సిగ్గేసింది.

నవంబర్ 17, సోమవారం

కంగారేం లేదు. ఇంజనీరింగులో ప్రతి సమస్యకీ పరిష్కారం ఉంటుంది.

పెట్టెలన్నీ ఒక అడుగు వెనక్కి జరిపించాను. సీటు విప్పి, ఆ కొలత మీద పొడుగుది ఇంకోటి కుట్టమని సీట్లు కుట్టే ఆయనకి ఇచ్చాను. శుక్రవారం ఇస్తాడు.

6:15. సామాను సర్ది చూస్తే ముందు చక్రం గాల్లోకి లేచింది. బరువంతా వెనక్కి పోయిందన్న మాట. గురుత్వ కేంద్రం. ఈ పాఠం ఏటా జూలైలో చెబుతాను. ఈ ఏడు కూడా చెప్పాను.

స్టవ్వు తీసేశాను.

నవంబర్ 21, శుక్రవారం

సీటు రేపట. దారం రంగు కుదరలేదట. పోనీలే, మంచి పనివాడు.

నవంబర్ 22, శనివారం. ఉదయం 10:30

షట్టరు దించి ఉంది! పక్క కొట్టాయన చెప్పాడు: "వాళ్ల మేనకోడలి డాన్సు ప్రోగ్రాం ఉందండీ, కూచిపూడి వెళ్లాడు. సోమవారం గాని రాడు."

హంసలదీవి దారి కూచిపూడి మీదుగానే. నాకంటే ముందు నా సీటు కుట్టేవాడు బయలుదేరాడు. సీటు లేకుండా.

12:00. హైమకి చెప్పక తప్పలేదు. పంచాంగం తీసి చూసింది. తర్వాత, "సరే, ముహూర్తం మాత్రం తప్పొద్దు. ప్రస్థానం పెడదాం," అంది.

ప్రస్థానం! చిన్నప్పుడు మా నాయనమ్మ చేయగా చూశాను. ముహూర్తానికి బయలుదేరడం కుదరకపోతే ప్రయాణపు సంచి ఆ వేళకి పక్కింట్లో పెడతారు. అంతటితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మూడు రోజుల్లోగా ఆ సంచి తీసుకుని అటునుంచి అటే వెళ్లిపోవాలి. సంచి మాత్రం మళ్లీ ఇంట్లోకి తేకూడదు.

మన పెద్దవాళ్లు ఎంత తెలివైనవాళ్లు! నాలాంటివాళ్లని ముందే ఊహించారు.

నవంబర్ 23, ఆదివారం. ఉదయం 7:12

బయలుదేరాం!

హెల్మెట్, జాకెట్, చేతి తొడుగులు. కొబ్బరికాయ కొట్టాను. సంయుక్త వీడియో తీసింది. చెరో సంచి పట్టుకుని ఎదురు ఫ్లాటుకి నడిచాం. రిటైరైన టీచరు సీతమ్మ గారు ఒక్కరే ఉంటారు. తలుపు తీసి, "రండి రండి. దారి బాగుందా?" అన్నారు. కాఫీ ఇచ్చారు.

మొదటి మజిలీ చేరాం. దూరం: ఏడడుగులు. ఇంధనం: అరకప్పు.

నవంబర్ 24, సోమవారం. ఉదయం 6:40

బ్రష్షూ, రేజరూ, కళ్లజోడూ సంచిలో ఉండిపోయాయి. సంచి ఇంట్లోకి తేకూడదు. టవలు భుజాన వేసుకుని వెళ్లి సీతమ్మ గారింట్లో గడ్డం గీసుకున్నాను. ఆవిడ పేపరు చదువుతూ, "ఇవాళ ఎందాకా వెళ్లారు మూర్తి గారూ?" అన్నారు. హైమ వంటింట్లోంచి నవ్వింది. తనూ అక్కడే ఉంది, దువ్వెన కోసం.

సాయంత్రం 6:30. సీటు వచ్చింది. బిగించాను. స్టార్టు చేస్తే ఉలకదు, పలకదు. శనివారం నుంచి ఫాగ్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయట. పాలు తెచ్చే ఆయన చెప్పాడు.

నవంబర్ 25, మంగళవారం

ఈరోజే ఆఖరి రోజు. బండి ఆటోనగర్ దాకా తోసుకెళ్తే ఎలీషా బ్యాటరీ చార్జి చేసి పెట్టాడు. 4:20కి స్టార్టయింది! ఇంటికి బయలుదేరాను. ఆటోనగర్ గేటు కూడా దాటలేదు, టప్‌మని చైను తెగింది.

ఎలీషా నడుచుకుంటూ వచ్చాడు. "సార్, ఈ చైను మాట మీకెన్నిసార్లు చెప్పాను సార్!" ఈ పాత మోడల్‌కి చైను తెప్పించాలట. రెండు మూడు రోజులు.

నవంబర్ 26, బుధవారం. ఉదయం 6:50

హైమ సీతమ్మ గారి గుమ్మంలో నిలబడి ఉంది. భుజాన సంచి. పక్కన సీతమ్మ గారు, ఆవిడ చేతిలోనూ సంచి.

"మూడు రోజులు 7:12కి గాని నిండవు. బుధవారం పడమటికి అడ్డేం లేదండీ," అంది హైమ. "పుణె దాకా రైలు. అక్కణ్నుంచి బస్సు."

"టికెట్లెప్పుడు తీసుకున్నావ్?"

"పదహారో తారీఖు సాయంత్రం. మీ బండి కదిలితే రద్దు చేసుకుందామనుకున్నాను."

పదహారు. ఆవిడ మెట్లెక్కి వెళ్లిన రోజు.

"మీరూ రాకూడదా? జనరల్లో ఎక్కేద్దురు," అంది.

అప్పుడు నేను ఏమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. "బండి ఆటోనగర్‌లో ఉంది, వదిలేసి ఎలా వస్తాను?" అన్నాను. హైమ తల ఊపింది. సంచులు ఆటోలో పెట్టాను. ఆటో వెళ్లిపోయింది. ఆ పూట మా వీధిలో కదలనిది నేనొక్కణ్నే.

7:30. నా సంచి సీతమ్మ గారింట్లోనే ఉంది. తాళం హైమ దగ్గరుంది. పళ్లు వేలితో తోముకున్నాను.

నవంబర్ 29, శనివారం. ఉదయం 8:05

ఫోను.

"చేరామండీ. చూశాను."

"ఎలా ఉంది?"

"రాతి ఆవు నోట్లోంచి వస్తోందండీ. ఇంతే ధార, నా చిటికెన వేలంత. మన బ్యారేజీ దగ్గర అంత వెడల్పున ఉండేది ఇదేనా అని ముందు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. సీతమ్మ గారు వీపు నిమిరారు. మీరుంటే బాగుండేది."

నేను కిందకి వెళ్లి పార్కింగులో బండి ఉండే ఖాళీ చోట చాలాసేపు నిలబడ్డాను. ఉండాల్సిన చోట నేను లేను. మా ఇద్దర్నీ ఇంతకాలం కలిపి ఉంచిన మాట ఒకటి ఉంది, దాన్ని ఫాగ్ లైట్ల కింద పోగొట్టాను.

డిసెంబర్ 1, సోమవారం

సెలవు ఇంకా మిగిలే ఉంది. పొద్దున్నే ఎలీషా దగ్గరికి వెళ్లాను. అన్నీ పీకెయ్యమన్నాను. పెట్టెలు, లైట్లు, స్టాండు, చార్జరు, దిక్సూచి, అన్నీ. పాత సీటు పెట్టమన్నాను. చైను, బ్రేకులు, టైరు, ఆయిలు.

మొదలు 9:30. ముగింపు 12:50. ఒక్క పూట.

"ఇప్పుడు బండిలా ఉంది సార్," అన్నాడు ఎలీషా. స్టార్టు చేశాను. మొదటి కిక్కుకే! బెంజ్ సర్కిల్ మీదుగా ఇంటికొచ్చాను. బ్రేకు నొక్కితే బండి ఆగింది. అంతకంటే ఏం కావాలి?

డిసెంబర్ 3, బుధవారం. సాయంత్రం 5:45

హైమ వచ్చింది. ఎండకి నల్లబడింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. సంచిలోంచి ఒక నీళ్ల సీసా తీసి బల్ల మీద పెట్టింది. అక్కడి నీళ్లు.

"క్షమించు," అన్నాను. వెంటనే అనేశాను, మళ్లీ ఆలస్యమవుతుందని భయమేసి.

"పుట్టేది నేను చూసొచ్చాను," అంది. "కలిసేది మీరు చూపించండి. ఈ నీళ్లు హంసలదీవిలో కలపాలి. ఆదివారం. బండి మీదే."

"ముహూర్తం?"

"టిఫిన్ తినగానే."

కొత్త నిర్ణయం: డిసెంబర్ 7, ఆదివారం, టిఫిన్ తినగానే హంసలదీవి. వంద కిలోమీటర్లు. బండికి ఇక ఏమీ తగిలించను. ఒక్క మేకు కూడా.

6:10. సీసా దారిలో కుదుపులకి ఒలికిపోదూ? హ్యాండిలుకి చిన్న క్లాంపు ఒకటి బిగిస్తే చాలు. ఒక్కటే. దానికి ఎలీషా దాకా దేనికి? సీసా చుట్టుకొలత తీసుకుందామని టేపు పట్టుకెళ్లాను.

హైమ టేపు చూసింది. సీసా తీసి కొంగు చాటున పెట్టుకుంది.

"దీన్ని నేను పట్టుకుంటానండీ. మీరు హ్యాండిలు పట్టుకోండి, చాలు."

సరేనన్నాను. టేపు సొరుగులో పెట్టేశాను. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది. నా భయమల్లా ఆ నాలుగు రోజులే.