సింహం దవడ

అక్కకు చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ బావా క్షేమమని తలుస్తాను. క్షేమమన్న మాట చేతి అలవాటు కొద్దీ పడిపోయింది. అందరం ప్రాణాలతోనే ఉన్నాం కాబట్టి కొట్టెయ్యలేదు.

నీ మోకాలికి కాపడం మానకు. మా ఆయనకు దగ్గు తగ్గింది, నా నోరే తగ్గలేదని రాయమంటున్నాడు. మీ అబ్బాయి వేళకు తింటున్నాడా అని అడిగావు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు, తింటున్నాడు. ఎలా తింటున్నాడో చెప్పాలంటే ముందు వంతెన సంగతి చెప్పాలి. కూర్చుని చదువు.

కాలువ మీది పాత వంతెన మరమ్మతు నాకు దొరికిందని రాశాను కదా. నాలుగు మూలలా నాలుగు పోత ఇనుప సింహాలు, వాటి నోళ్ళలో వంతెనను మోసే గొలుసులు. ఒక సింహానికి దవడ పగిలింది. పోత ఇనుమును కాల్చి అతికిస్తే పక్కన మరోచోట పగులుతుంది. అందుకని పగులు పొడవునా బెజ్జాలు వేసి, మరమేకులు బిగించి, బట్ట కుట్టినట్టు కుట్టుకుంటూ రావాలి. చలికాలమంతా ఆ దవడతోనే కాపురం చేశాను. "దాన్ని చూసినట్టు నన్నెప్పుడైనా చూశావా?" అని మా ఆయన ఏడిపించేవాడు.

ఊళ్ళో చాలామందికి ఆ వంతెనంటే ఒళ్ళుమంట. కాలువ తవ్వించిన దొర కూలి ఇవ్వకుండా, కొరడాలతో బాది తవ్వించాడట. చచ్చినవాళ్ళను ఆ గట్టు కిందే పూడ్చారట. సింహాలు ఆ దొర గుర్తు. పగలగొట్టి తీరతామని గోడల నిండా రాశారు. అరిచే కుక్క కరవదులే అనుకుని నేను నా పని చేసుకున్నాను.

కరిచింది. మిట్టమధ్యాహ్నం వీధి పట్టనంత మంది వచ్చారు. మొహాలకు గుడ్డలు, చేతుల్లో గునపాలు, సమ్మెటలు. మొదటి రాయికే నాతో పనిచేసే మేస్త్రీ నుదురు పగిలింది. నెత్తురు కళ్ళలోకి కారుతుంటే తడుముకుంటూ వెళ్ళి కాలువలో పడ్డాడు. పడవవాళ్ళు జుట్టు పట్టి లాగారు. ఇంతలో అవతలి గట్టు నుంచి పోలీసులు లాఠీలతో దిగారు. అసలే ఇరుకు వంతెన. ముందుకు పోలేక, వెనక్కి రాలేక జనం ఒకరినొకరు తొక్కుకున్నారు. ఒకడి వేళ్ళు గొలుసుకూ కమ్మీకీ మధ్య నలిగిపోయాయి. వాడి కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఎవడో నా దవడ మీద గుద్దాడు. ఊడిన పన్ను ఉమ్మేసి సుత్తి అందుకున్నాను.

వంతెన కాపలా తాత సింహం మెడను రెండు చేతులా వాటేసుకుని, "నన్ను చంపి ముట్టుకోండ్రా!" అని అరుస్తున్నాడు. కర్రలు ఆయన వీపు మీద పడుతూనే ఉన్నాయి. అప్పుడు ఒకడు సింహం దిమ్మె ఎక్కి గునపం ఎత్తాడు. "మన ముత్తాతల ఎముకల మీద నిలబడిందిరా ఇది!" అన్నాడు. ఆ గునపం దిగేలోపే నా సుత్తి వాడి మణికట్టు మీద పడింది. పుల్ల విరిగినట్టు విరిగింది. మొహం మీది గుడ్డ జారింది.

మీవాడు, అక్కా.

విరిగింది కుడిచెయ్యి. డాక్టరు లోపల రేకు పెట్టి మరమేకులు బిగించాడు. వేళ్ళు మునుపటిలా ఆడతాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. పని చూడటానికి వచ్చి తోపులాటలో పడ్డాడని మా ఆయన పోలీసులకు చెప్పాడు.

తాత ప్రాణం నిలబెట్టానని వీధంతా నన్ను మెచ్చుకుంటోంది. తాత కూడా వచ్చి నా చేతులు కళ్ళకద్దుకున్నాడు. ఆ గునపం దిగితే ఆయన తల పగిలేదే, అది నిజం. నీకూ ఇంతవరకే రాసి ఊరుకోవచ్చు. కానీ అక్కా, ఆ క్షణంలో తాత నాకు కనపడలేదు. గుడ్డ జారక ముందే గొంతు గుర్తుపట్టాను. నా ఒళ్ళో మాటలు నేర్చినవాడి గొంతు నాకు తెలియదా? మీవాడని తెలిసే కొట్టాను. నేను కుట్టిన దవడ మీదకు గునపం వస్తోంది, అదొక్కటే కనపడింది. ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

వాడికి రోజూ నేనే కలిపి తినిపిస్తున్నాను. మొదట్లో మొహం తిప్పేసుకున్నాడు. నిన్న నోరు తెరిచాడు. "తాత అక్కడున్నాడని చూడలేదు పిన్నీ, ఒట్టు. నాకు సింహమే కనిపించింది," అన్నాడు. ముద్ద మింగి, "మరి నీకు?" అన్నాడు.

ఇంకో ముద్ద కలిపి పెట్టాను. నా మొహంలోకి చూస్తూ నమిలాడు.

నీకు రాసింది వాడికింకా చెప్పలేదు. ఒక్కదాన్నే చెప్పలేను. నువ్వు రా, పక్కన కూర్చో, చెబుతాను. విన్నాక నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు. వాడి ఎదుటే కొట్టు.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
చెల్లెలు