బొమ్మ బాతు బదులు నేను

తమ్ముడూ,

ఎలా ఉన్నావురా? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. మొన్ననే నీ సంవత్సరీకం కూడా పెట్టాం. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు. నోటితోనే మాట్లాడనివాణ్ణి, కాగితం మీద ఏం మాట్లాడతాను... అయినా ఈ సంగతి ఇంకెవరికి చెప్పను?

మన గౌరి గురించే. కంగారు పడకు, నీ కూతురు ఒంట్లో బాగానే ఉంది.

నువ్వు పోయాక హైదరాబాదులో గది ఖాళీ చేసి చోడవరం వచ్చేసింది. ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. మేడమీద నువ్వు ఎరువుల బస్తాలు పెట్టే గది కడిగించి బల్ల వేసుకుంది. కింద మాడుగుల బస్సు హారన్ కొట్టినప్పుడల్లా స్క్రీనులో వాళ్ళకి సారీ చెబుతుంది. అది ఇంట్లో ఉంది కాబట్టే వాళ్ళమ్మ రెండు ముద్దలు తింటోంది.

గౌరి చేసే పని ఏమిటో నీకు పూర్తిగా తెలియదు కదా? ఆసుపత్రిలో నీ మంచం పక్కన సెలైన్ మిషన్ ఉండేది, గుర్తుందా? అలాంటి మిషన్లకి లెక్క చెప్పే ప్రోగ్రాము వీళ్ళు రాస్తారు. ఇంత బరువున్న మనిషికి ఇంత మందు, ఇంత నెమ్మదిగా ఎక్కాలి అని.

నువ్వు దాన్ని ఒక్క పూట కూడా నమ్మలేదు. "అన్నయ్యా, దాని మీద ఓ కన్నేసి ఉంచు. నేను కాసేపు పడుకుంటాను" అనేవాడివి. అది ఏ తప్పూ చెయ్యలేదు, పాపం. అయినా నేను చూస్తూనే కూర్చున్నాను. నేను చూస్తున్నానని నువ్వు నిద్రపోయావు... అది చాలదూ?

సరే, అసలు సంగతికి వస్తాను.

వేసవిలో గౌరి గొంతు మారింది. తలుపు వేసుకుని ఎవరితోనో మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టింది. ప్లీజ్ అంటుంది, థాంక్స్ అంటుంది. అవతలి గొంతు మాత్రం వినపడదు. మీ ఆవిడ నా ఎదట పడి మాట్లాడదు కదా... వంటగది తలుపు చాటు నుంచే గోడకి చెప్పినట్టు చెప్పింది. "గుంట ఎవలితోటో మాటాడతంది. బావగారు ఓపాలి సూస్తే బాగున్ను."

చూడ్డమంటే ఎలా చూస్తాను? మెట్ల మీద కూర్చున్నాను. పేపరు తిరగేసి పట్టుకున్నానట... గౌరి తలుపు తీసి నవ్వింది.

"ఏటి పెదనాన్నా, కాపలా కాస్తన్నావా? రా, సూపిస్తాను."

చూపించింది. మనిషి లేడు. తెల్లటి స్క్రీను, దాని మీద గబగబా పరిగెత్తే అక్షరాలు. ఏం కావాలో నోటితో చెబితే ఆ మిషనే ప్రోగ్రాము రాసేస్తుందట.

"మనిషి కాకపోతే థాంక్స్ ఎందుకే?" అన్నాను.

"అలవాటైపోనాది" అంది.

నాకు నమ్మకం కుదరలేదు. అడగ్గానే రాసేసి, పొగిడితే ఇంకాస్త రాసి, తిడితే క్షమించమనే వాణ్ణి నువ్వైతే పనిలో పెట్టుకునేవాడివా? నేను పెట్టుకోను.

అప్పటి నుంచి నా ఫోనులో కూడా అవే వార్తలు. ఒకడు ప్రోగ్రాములు రాసేవాళ్ళ పని అయిపోయిందంటాడు. ఇంకొకడు ఏమీ కాదంటాడు. ఇద్దరూ ఒకేలా నవ్వుతారు. నేను గౌరి గురించి ఆలోచిస్తున్నానని ఆ ఫోనుకి ఎలా తెలిసింది? ఇప్పుడు దాన్ని రోజూ బోర్లా పెడుతున్నాను.

ఒక ఆదివారం గౌరితో పనిచేసేవాళ్ళు ఇద్దరు వచ్చారు. విశాఖ నుంచి శిరీష, అనకాపల్లి నుంచి రమేషు. రమేషు మాడుగుల హల్వా తెచ్చాడు. అనకాపల్లి నుంచి వచ్చేవాడికి మాడుగుల దారిలో తగలదు కదా? చోడవరం దాటి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి. ఎందుకో మరి... హల్వా మాత్రం బాగుంది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళ పని అయిపోయిందన్న ఆ రోజు వార్త చూసుకుని డాబా మీద కూర్చుని వాదులాడుకున్నారు. నేను ట్యాంకు నీడలో కూర్చున్నాను.

"ఒసే గౌరీ, మీ పొలంలో నాకో ఎకరం కౌలుకిప్పించవే. చెరుకేసుకుంటాను" అన్నాడు రమేషు.

"గట్టు మీద జెర్రిని సూసి బైకెక్కి పారిపోనావు. నువ్వు చెరుకేస్తావా?" అంది గౌరి.

"నాకైతే పని తేలికైపోయిందే. పొద్దున్న సెప్తే మధ్యాన్నానికి అయిపోతంది" అంది శిరీష.

"అవున్లే. మధ్యాన్నం నుంచి నువ్వెందుకని అడుగుతారు సూడు" అన్నాడు రమేషు.

"ఇంతకీ మన పని అయిపోనాదని ఎవడు సెప్పేడు?" అంది గౌరి.

రమేషు ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఆ మిషన్ అమ్మేవోడే."

ముగ్గురూ పగలబడి నవ్వారు. కానీ ఆ నవ్వు అయిపోయాక రమేషు ఆ వార్తని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడురా. నేను అది చూశాను.

ఆ తర్వాతి వారమే వచ్చింది తంటా. సెలైన్ మిషన్ లెక్కలో చిన్నపిల్లల కోసం కొత్త భాగం ఒకటి ఆ ప్రోగ్రాములు రాసే మిషన్ చేతే రాయించారు. మామూలుగా ఒకరు రాసింది ఇంకొకరు చదివి, బాగుందని తమ పేరు మీద మీట నొక్కాలి. అప్పుడే అది ముందుకి వెళుతుంది. ఈసారి చదవడం కూడా మిషనే చేసేసిందట. టీమ్ లీడరు గౌరికి ఫోను చేశాడు. తెల్లారితే పంపాలి, నువ్వు సాయంత్రానికి నొక్కేస్తే చాలు అన్నాడు. కొత్త పద్ధతికి అలవాటుపడనివాళ్ళని హైదరాబాదు రమ్మంటున్నారని కూడా చెప్పాడు. ఎంత తియ్యగా చెప్పాడో... బెదిరింపని కాసేపటి వరకు తెలియదు.

గౌరి కిందికి వచ్చి అన్నం కెలుకుతూ కూర్చుంది. నొక్కేస్తుందేమోనని నాకు అనుమానం. నొక్కకపోతే ఈ ఇల్లు వదిలి వెళ్ళాలేమోనని కూడా అనుమానం. ఏది కోరుకోవాలో నాకే తెలియలేదు. నువ్వుంటే ఏమనేవాడివి?

చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"పెదనాన్నా, ఖాళీయేనా? పైకి రా. నీకు పనుంది."

"నాకేం పనే?"

"మా వోళ్ళు కొందరు బల్ల మీద బొమ్మ బాతుని పెట్టుకుంటారు. రాసిందాన్ని దానికి లైను లైనుకీ అర్థమయ్యేలాగ సెప్తారు. పైకి సెప్తే తప్పులు బయటపడతాయి. నా కాడ బాతు లేదు. నువ్వున్నావు."

వేళాకోళం ఆడుతోందేమో అనుకున్నాను. మొహం చూశాను. కాదు.

"నాకేం తెలుస్తుందే?"

"బాతుకేం తెలుస్తాదేటి? నువ్వు ఊఁ కొట్టు, సాలు."

కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గౌరి ఒక్కో లైనూ చదివి, తెలుగులో చెప్పింది. ఇక్కడ నర్సు పిల్లాడి బరువు కొడతాది. ఊఁ. ఇక్కడ ఆ బరువుని బట్టి మందు లెక్కేస్తాది. ఊఁ. ఇక్కడ మందు మొదలవుద్ది. ఊఁ. నాకు ఏమీ బోధపడలేదు. ఊఁ కొట్టడం మాత్రం మానలేదు. కింద బస్సులు వచ్చి వెళుతున్నాయి. మీ ఆవిడ గుమ్మం దగ్గర టీ పెట్టి వెళ్ళింది.

ఎండ దిగుతుండగా ఒక చోట గౌరి ఆగిపోయింది.

"ఇక్కడ నర్సు బరువు తప్పు కొట్టిందనుకో పెదనాన్నా. సూసుకుని దిద్దింది. స్క్రీను మీద కొత్త బరువు వచ్చింది. అప్పుడు మందు..."

మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"మందు పాత బరువుకే ఎల్తంది."

నేను ఊఁ అనలేదు. గౌరి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పైకి అంతా సరిగ్గానే కనిపిస్తుందట. పక్కన ఎవరైనా కన్నేసి కూర్చున్నా తెలియదట... తమ్ముడూ, ఆ మాట వినగానే నాకు నీ మంచం గుర్తొచ్చింది. నీ పక్కన కూర్చుని అన్ని రోజులు నేను చూసింది స్క్రీనునే కదా?

గౌరి మీట నొక్కలేదు. తప్పు ఎక్కడుందో రాసి అందరికీ పంపింది. చదవకుండా తన పేరు పెట్టనని కూడా రాసింది. పంపే ముందు నాకు చదివి వినిపించింది. ఊఁ అన్నాను.

లీడరు మెచ్చుకుంటూ నవ్వు బొమ్మ పంపాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నా అనుమానం వట్టిది కాలేదు. రెండు రోజులకి ఆ పని గౌరి చేతుల్లోంచి తీసేసి రమేషుకిచ్చారు. గౌరికి ఏదో పాత పని అప్పజెప్పారు. ఇంటి నుంచి పని సంగతి ప్రస్తుతానికి కదపలేదు.

ఆ తప్పుని కూడా ఆ రాసే మిషన్ చేతే దిద్దించారట. దిద్దిందాన్ని మళ్ళీ ఎవరు చదవాలి? రమేషే. వాడేమో నవ్వులాటగాడు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, ఉద్యోగం పోతుందన్న భయం. నొక్కేస్తాడు అనుకున్నాను. గౌరి కూడా అలాగే అనుకుందేమో, ఫోను చేతిలో పట్టుకుని తిరిగింది కానీ వాడికి చెయ్యలేదు.

ఈరోజు మధ్యాహ్నం వాడే చేశాడు. గౌరి విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఫోను నా చేతికిచ్చింది.

"పెదనాన్నగారూ, మీరేటీ మాటాడక్కర్లేదు. ఊఁ అంటే సాలు. గౌరి కాడ మీరు బాగా పనిచేసేరంట."

ఏమనాలో తెలియక ఊఁ అన్నాను. మొదలుపెట్టాడు. ముందు బాగానే చెప్పాడు. తర్వాత ఒక చోట వేగం పెంచాడు. చదువుతున్నాడా, దాటేస్తున్నాడా? మొహం కనబడదు కదా... నాకు నమ్మకం చిక్కలేదు. ఊఁ కొట్టడం ఆపేశాను.

వాడూ ఆగాడు. ఇద్దరం అలాగే ఉన్నాం. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"సరే పెదనాన్నగారూ," అన్నాడు చివరికి. "ఆ ముక్క మళ్ళీ సెప్తాను."

మళ్ళీ చెప్పాడు. నెమ్మదిగా చెప్పాడు.

ఇంకా సగం మిగిలిందట. రేపు పొద్దున్న ఫోను చేస్తానన్నాడు. చేస్తాడో లేదో... చెయ్యకపోతే నేనే చేస్తానురా. మొదటి మాట కూడా నేనే మాట్లాడతాను.

ఉంటాను.

నీ అన్నయ్య